రెండు డిస్కుల పంచాయితీ

నాకు నోటిదురుసు ఎక్కువ. మా ఆవిడైతే "నీ నోట్లె ఉన్నది నాలిక కాదు, రంపం" అంటుంది. వాదనలో నెగ్గకపోతే ఆ పూట నాకు అన్నం సహించదు. ఆ గుణమే ఒక మంచి దోస్తును మూడేళ్లకు పైగా నాకు కాకుండా చేసింది. అది కూడా ఒక సినిమా డబ్బా విషయంలో.

మేడ్చల్‌లో నాది మోటరు వైండింగ్ దుకాణం. కాలిపోయిన బోరు మోటరును విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం పని. ఆరు రోజులు తీగ, ఏడో రోజు సినిమా. 2009లో ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్న పెద్ద టీవీ, దాంతోపాటు బ్లూరే ప్లేయరు కొన్నాను. అమ్మినవాళ్ల మనిషే ఇంటికొచ్చి టీవీని గోడకు బిగించి, వెనక వైర్లన్నీ పెట్టి పోయాడు. నేను వెనక్కి తొంగి కూడా చూడలేదు. బొమ్మ వచ్చింది, అంతే చాలనుకున్నాను.

శామీర్‌పేట అవతల ద్రాక్షతోట ఉన్న రైతు ఒకాయన మోటరు కాలినప్పుడల్లా నా దగ్గరికే తెచ్చేవాడు. పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని సినిమాలు మాట్లాడేవాడు. ఆయనకు నేను భాయ్, నాకు ఆయన భాయ్. ఏడేళ్లు దుబాయిలో డ్రైవరుగా చేసి వచ్చాడు. ఆ సంపాదనతో తోటలో బోరు వేశాడు, ఇల్లు కట్టాడు, తమ్ముడికి టైర్ల దుకాణం పెట్టించాడు. తనకని తెచ్చుకున్నది మాత్రం ఒక్కటే. ఒక హెచ్‌డీ డీవీడీ ప్లేయరు, దానికి పాతిక డిస్కులు.

తెలియనివాళ్లకు ఇక్కడ కొంచెం చెప్పాలి. మామూలు డీవీడీ కన్నా ఎంతో తేటగా బొమ్మ చూపించే డిస్కులు అంతకుముందు రెండు రకాలు వచ్చాయి. ఒకటి నా బ్లూరే, రెండోది భాయ్ తెచ్చిన హెచ్‌డీ డీవీడీ. దీని డిస్కు దాంట్లో ఆడదు, దానిది దీంట్లో ఆడదు. కొన్నాళ్లు రెండూ కొట్టుకున్నాయి. చివరికి హెచ్‌డీ డీవీడీ వాళ్లు చేతులెత్తేశారు. ఇక ఆ డిస్కులు రావు. అందుకే దుబాయిలో అగ్గువ ధరకు ఇచ్చేస్తున్నారని పాపం భాయ్‌కి తెలియదు. ఆ సంగతి ఆయనకు చెప్పింది నేనే. అదీ ఎట్లా? పకపకా నవ్వుతూ.

ఆదివారం పొద్దున మా ఇంట్లో ముగ్గురం కూడేవాళ్లం. నేను, భాయ్, పక్కవీధి లెక్కల సారు. సినిమా గంటన్నర ఆడితే పంచాయితీ రెండు గంటలు నడిచేది. నేను నెట్ సెంటర్‌లో ప్రింట్లు తీయించి మరీ తయారుగా ఉండేవాణ్ణి. "నీ డిస్కుల పట్టేది పదిహేను జీబీ, నా దాంట్ల పట్టేది ఇరవై ఐదు జీబీ. ఏడికేడ భాయ్?" అనేవాణ్ణి.

"బకెట్ పెద్దగుంటె నీళ్లు తియ్యగుంటయా?" అని సారు భాయ్ పక్కన చేరేవాడు.

భాయ్ కోపం తెచ్చుకునేవాడు కాదు. "కొత్తయి రాకుంటె రాకపోనీ. ఉన్న పాతిక నాకు జిందగీకి సాలు. బొమ్మ మాత్రం నీ దానికేం తక్కువ గాదు" అనేవాడు. నేను ఊరుకుంటే కదా. ఆయన ప్లేయరుకు 'చచ్చిన డబ్బా' అని పేరు పెట్టాను. భాయ్ లోపలికి రాగానే "ఎట్లుంది నీ చచ్చిన డబ్బా?" అని పలకరించేవాణ్ణి. మా ఆవిడ వంటింట్లోంచి కళ్లెర్రజేసేది.

2010 చివర్లో ఒక ఆదివారం భాయ్ ఆ డబ్బాను తువ్వాలలో చుట్టి, బండి ముందర పెట్టుకుని శామీర్‌పేట నుంచి తెచ్చాడు. మా ఇద్దరి దగ్గరా ఒకటే ఇంగ్లీషు సినిమా ఉందని అంతకుముందు వారమే తేలింది. ఒకే టీవీ మీద రెండూ వేసి చూడాలన్నది ఆయన మాటే.

"ఏడేండ్ల దుబాయిల నాకని తెచ్చుకున్నది గిదొక్కటే భాయ్," అన్నాడు తువ్వాల విప్పుతూ. "గిది సుత దండుగనేనా, కాదా, ఇయ్యాల తేలిపోవాలె."

అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. గెలుపు నోటికాడికి వచ్చింది మరి.

భాయ్ సంచిలోంచి వెడల్పు మూతి ఉన్న నల్ల వైరు ఒకటి తీశాడు. దాన్ని పెట్టాలంటే టీవీ వెనక్కి చెయ్యి పోవాలి, గోడకు టీవీకి మధ్య బెత్తెడు సందు కూడా లేదు. "ఎనక చెయ్యి పట్టదు భాయ్, పక్కనే సాకెట్లున్నయి" అని పసుపు, ఎరుపు, తెలుపు మూతుల పాత వైరు తెచ్చి నేనే గుచ్చాను. రాగి ఏ వైరులో ఉన్నా రాగే. కరెంటు పారితే మోటరు తిరుగుతుంది, బొమ్మ మాత్రం ఎందుకు రాదు? ముప్ఫై ఏళ్లుగా తీగ చుడుతున్న నా బుర్రకు తోచింది అంతే. భాయ్ ఆ నల్ల వైరును చేతిలో పట్టుకుని కాసేపు నా ముఖం చూశాడు. తర్వాత మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు.

ముందు నాది వేశాం. వానలో ఒకడు రోడ్డు దాటే సీను. చినుకు చినుకూ లెక్కపెట్టొచ్చు. తర్వాత అదే సీను భాయ్ డబ్బాలోంచి. వాన కాదు, పొగమంచు. కింద అక్షరాల అంచులు కూడా అలుక్కుపోయినట్టున్నాయి. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చాయ్ తెచ్చిన మా ఆవిడ కూడా "గిది మసకగుంది" అనేసింది. నిజం చెప్పాలంటే తేడా అంత ఉంటుందని నేనూ అనుకోలేదు.

ఇగ నన్ను పట్టేవాళ్లెవరు? "నేన్జెప్పలే! నేన్జెప్పలే!" అని తొడ చరిచాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఏడేండ్లు ఎండల మాడి తుక్కు మోసుకొచ్చినవ్ గదా భాయ్" అన్నాను.

సారు తల వంచుకున్నాడు. భాయ్ డబ్బాను తువ్వాలలో చుట్టుకున్నాడు. "సరె భాయ్, నువ్వే గెల్సినవ్" అన్నాడు. చాయ్ ముట్టలేదు. మళ్లీ ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు.

రాకపోతే పోనీ అనుకున్నాను. కాని ఎండాకాలంలో ఒకరోజు భాయ్ ఆటోలో మోటరు వేసుకుని నా దుకాణం ముందు నుంచే పోయి, బస్టాండు దగ్గరి వేరే వైండింగ్ దుకాణంలో దింపాడు. నా కళ్లారా చూశాను. ఒళ్లు మండిపోయింది. సినిమా దగ్గర అన్న మాటకు పని దగ్గర కక్ష సాధిస్తాడా? "నువ్వే పోయి మాట్లాడరాదా" అని మా ఆవిడ ఎన్నిసార్లు పోరిందో. "నేనెందుకు పోవాలె? నా తప్పేంది?" అని నేను. ఏళ్లు గడిచాయి. సారు బహదూర్‌పల్లిలో ఇల్లు కొనుక్కుని వెళ్లిపోయాడు. ఆదివారాలు నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఒక్కడికి సినిమా ఏం రుచిస్తుంది? సగంలో ఆపేసేవాణ్ణి.

2014 మొదట్లో టీవీకి కొత్త డిష్షు పెట్టించాను. పెట్టిన పిల్లగాడు వైర్లు గుచ్చి ఆన్ చేశాడు. బొమ్మంతా పొగమంచు. "ఏందిర గీ బొమ్మ? పైసలు ఊకె వస్తున్నయా?" అని విరుచుకుపడ్డాను.

"అన్నా, పసుపు వైరుకు గింతే వస్తది. తేటగ రావాల్నంటె నల్ల వైరు పెట్టాలె" అన్నాడు వాడు. స్క్రూలు విప్పి, ఇద్దరం టీవీని దింపాం. నా బ్లూరేకు వెనక మొదటి రోజు నుంచీ ఉన్నది వెడల్పు మూతి నల్ల వైరే. వాడు అలాంటిదే ఇంకొకటి డిష్షు డబ్బాకు పెట్టాడు. పొగమంచు పోయింది.

భాయ్ సంచిలోంచి తీసిన నల్ల వైరు గుర్తొచ్చింది. నాది నల్ల వైరు మీద, భాయ్‌ది పసుపు వైరు మీద! డిస్కుల పోటీ కానే కాదది. భాయ్ డబ్బాను నా చేత్తో నేనే గుడ్డిది చేసి, గుడ్డిదని నవ్వాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే బండి తీశాను.

తోట దగ్గరికి పోయేసరికి ఎండ వాలుతోంది. ద్రాక్షపందిరి నిండా ఏవో తళుక్కుమంటున్నాయి. దగ్గరికి పోతే తెలిసింది. పిట్టలు వాలకుండా డిస్కులను దారాలకు గుచ్చి కట్టాడు. జిందగీకి చాలన్న పాతిక డిస్కులు.

భాయ్ పందిరి కింద ఉన్నాడు. గడ్డం కొంచెం నెరిసింది. నేను ముందూ వెనకా లేకుండా చెప్పేశాను. "భాయ్, ఆ దినం నీ డబ్బాకు పసుపు వైరు పెట్టిన. నల్లది పెట్టాల్సి ఉండె. నాకు తెల్వదు భాయ్, కసమ్, ఒట్టు. ఇయ్యాల్నే తెల్సింది."

ఆయన ఒక ద్రాక్షతీగను పందిరి మీదికి సర్దాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాకు ఆ దినమే తెల్సు."

"మరి చెప్పకపోతివి?"

"ఏమని జెప్పాలె? ఊరందరి తీగలు జూసే మేస్త్రివి. నీకు వైరు తెల్వదని నేనెట్ల అనుకుంట? తెల్సే పెట్టినవనుకున్న. వైరు కాడ దోఖా జేసెటోని చేతికి మోటరెట్లిస్త భాయ్?"

నా నోటికి అప్పటిదాకా తిరుగు లేదు. ఆ సాయంత్రం మాత్రం దాంట్లోంచి వచ్చింది "తప్పు నాదే భాయ్" ఒక్కటే. మూడేళ్లు నేను కోపంతో కూర్చుంటే, ఆయన నన్ను మోసగాడనుకుని బాధపడుతూ కూర్చున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

భాయ్ షెడ్డులోకి పోయి కాలిపోయిన మోటరును ఒకటి దొర్లించుకుంటూ తెచ్చాడు. ఇద్దరం ఎత్తి నా బండి వెనక పెట్టాం. ఆయనే తాడుతో బిగించి కట్టాడు. పందిరికి కట్టకుండా ఒక డిస్కు దాచానని, ఆ వాన సినిమాదేనని అప్పుడు చెప్పాడు. డబ్బా కూడా తువ్వాలలో అట్లనే ఉందట.

"ఆదివారం పట్టుకొస్త," అన్నాడు తాడు ముడి ఒకసారి లాగి చూస్తూ. "వైరు మాత్రం నేనే పెడ్త."