సొరంగం ముందు మూడు నిమిషాలు

1968 జనవరి 22న చీపురుపల్లి నుంచి బదిలీ అయి, కొత్తవలస దాటాక కొండల అంచున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటర్‌గా చేరాను. ఇప్పుడది విజయనగరం జిల్లా. అప్పటికి ఆ జిల్లా ఏర్పడలేదు. కేంద్రం పేరు, ఊళ్ళ పేర్లు ఇక్కడ రాయడం లేదు. గర్భిణులను, బాలింతలను ఇళ్ళకు వెళ్ళి చూడడం హెల్త్ విజిటర్ పని. మశూచి కబురు వస్తే మాత్రం అది పక్కన పెట్టి టీకాలకు వెళ్ళేవాళ్ళం. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళు మగ టీకాదారు చేతికి జబ్బ ఇచ్చేవారు కాదు.

మా కేంద్రంలో ఒక నియమం ఉండేది. టీకామందు ఎవరి సంతకం మీద బయటికి వెళితే, ఆ రోజు జట్టుకు వాళ్ళే బాధ్యులు. హోదాలో హెల్త్ ఇన్‌స్పెక్టరుకు, నాకు హెచ్చుతగ్గులు లేవు. మా ఇద్దరి పై అధికారి డాక్టరుగారే. కాని సంతకం నాదైన రోజు మాట నాది.

ఇన్‌స్పెక్టరు అప్పలనాయుడు గారు నాకంటే ఇరవై రెండేళ్ళు పెద్ద. యుద్ధకాలంలో సైన్యంలో చేరి మోటారు సైకిలు మీద ఉత్తరాలు చేరవేసిన మనిషి. కేంద్రం మోటారు సైకిలు ఆయన చేతిలోనే ఉండేది. నేను వెనక పక్కకు కూర్చుని, మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకునేదాన్ని. నా చేతి గడియారం మీద ఆయనకు చిరాకు. టీ కొట్టు దగ్గర నలుగురిలో, "ఈ సిస్టరమ్మ గడియారానికి మనం కూలోళ్ళం" అనేవారు. నేను నవ్వేదాన్ని కాదు.

కొండ అవతల మాకు పద్నాలుగు ఊళ్ళు ఉండేవి. అక్కడికి దారి ఒక సొరంగం గుండా. రైలుదారి పనులు జరిగినప్పుడు లారీల కోసం కొండను తొలిచారు. పనులయ్యాక అలా వదిలేశారు. ఒక లారీ పట్టే వెడల్పు, నా నడకలో ఐదు వందల అరవై అంగల పొడవు. మధ్యలో వంపు ఉండడంతో ఒక చివర నుంచి రెండో చివర వెలుగు కనబడదు. ఏడాది పొడుగునా పైనుంచి ఊట కారేది. నేల మీద రాయి నున్నగా, జారుడుగా ఉండేది.

నాయుడు గారి పద్ధతి ఎప్పుడూ ఒకటే. సొరంగం నోటి దగ్గర బండి ఆపి, ఇంజిను కట్టేసి, కళ్ళు మూసుకుని నిలబడేవారు. తరవాత లైటు వేసి, రెండో గేరులో, లారీల ఎడమ చక్రాలు వేసిన గాడి వదలకుండా వెళ్ళేవారు. లోపల హారన్ మోగించేవారు కాదు; ప్రతిధ్వనిలో చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదని. తడి రాతి మీద బ్రేకు వేసేవారు కాదు. బండి బ్యాటరీ చచ్చిపోయి చాలా రోజులయింది. ఇంజిను ఎంత జోరుగా తిరిగితే లైటు అంత వెలిగేది. నెమ్మదిస్తే దీపం కొడిగట్టేది. బయట ఆగడానికి పట్టే సమయం మూడు నిమిషాలు. పదకొండు సార్లు వెళ్ళాను, పదకొండు సార్లూ చూశాను. ఎందుకు ఆగుతారని ఒకసారి అడిగితే, ఎండలోంచి చీకట్లోకి పోతే కళ్ళు కుదురుకోవాలి కదా అన్నారు. నేను అది రాసుకున్నాను.

మార్చి 13, బుధవారం. ఉదయం పది గంటల పది నిమిషాలకు కొండ అవతలి ఊరి నుంచి కబురు వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లకు జ్వరం వచ్చి మూడో రోజు నుంచి ఒళ్ళంతా పొక్కులు. ఇంటికి వేపమండలు కట్టేశారు. మరునాడు కొండ కింద పెద్ద సంత. ఆ ఊరివాళ్ళు ముందు రోజు మధ్యాహ్నమే బయల్దేరి, రాత్రికి సంత ఊళ్ళో చుట్టాల ఇళ్ళలో ఉంటారు. వాళ్ళు కదలకముందే టీకాలు వేయకపోతే జబ్బు సంతకు వెళుతుంది. సంత నుంచి ఎన్ని ఊళ్ళకు వెళుతుందో లెక్క కట్టలేం.

స్టోరు తాళం చెవులు ఉన్న మనిషి ఇంటికి వెళ్ళాడు. నలభై నిమిషాలు పోయాయి. నేను వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. చివరికి సంతకం చేసి ఆరు జతల మందు తీసుకున్నాను. ఒక గాజు గొట్టంలో టీకామందు పొడి, ఇంకో గొట్టంలో దాన్ని కలిపే ద్రవం: అది ఒక జత.

ఘాట్ ఎక్కుతున్నంతసేపూ గడియారం చూశాను. ఎక్కడ సమయం మిగులుతుందా అని వెతికాను. మలుపుల్లో మిగలదు, ఎక్కుడులో మిగలదు. మిగిలేది సొరంగం ముందరి మూడు నిమిషాలే. కళ్ళు కుదురుకోవడమే కారణమైతే దానికి ఆగనక్కర లేదు. ఆఖరి మలుపు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. అక్కడ నుంచి ఒక కన్ను మూసుకుని నడిపితే, లోపలికి వెళ్ళేసరికి ఆ కన్ను చీకటికి అలవాటు పడి ఉంటుంది. ఆ మాటే నాయుడు గారి చెవిలో గట్టిగా చెప్పాను.

"ఒంటి కంటితో తోల్తాను గానీ, ఆగడం మంచిది సిస్టరమ్మా" అన్నారు.

ఈ రోజు సంతకం నాదని గుర్తు చేశాను. ఆయన ఒక కన్ను మూసుకుని, ఆగకుండా లోపలికి పోనిచ్చారు.

నా లెక్క తప్పలేదు. ఆయనకు గోడ కనబడింది, గాడి కనబడింది. వంపు దగ్గరకు వచ్చేసరికి మనుషులు కూడా కనబడ్డారు. నెత్తి మీద చీపుళ్ళ కట్టలు, అడ్డాకుల మోపులు పెట్టుకుని పదకొండు మంది ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు దారి మధ్యలో వస్తున్నారు. తప్పుకోవడానికి చోటు లేదు. బ్రేకు వేస్తే జారుతుందనీ, దీపం కూడా పోతుందనీ ఆయనకు తెలుసు. అయినా బ్రేకు వేసి, బండిని ఎడమ గోడ వైపు పడేశారు. చీకటి అయిపోయింది. పెట్రోలు వాసన వచ్చింది. ఎవరినీ అగ్గిపుల్ల గీయవద్దని అరిచాను.

వాళ్ళలో ఎవరికీ దెబ్బ తగలలేదు. పెట్టెతో సహా కింద పడ్డ నాకు గీతలే. నాయుడు గారి ఎడమ చీలమండ బండి కింద పడి విరిగింది. ముందు నడిచిన పెద్దావిడ పేరు నూకాలు. ఆవిడే అందరినీ పిలిచి, బండి లేపించి, ఆయన్ని నలుగురి చేత బయటికి మోయించింది. మోస్తూనే తిట్టింది.

"ఏటి మావా, ఈ వయసులో ఈ దుడుకేటి? రెండుపాలి కూత ఎట్టినాం. అవతల నుంచి మారు కూత రానేదు, ఎవులూ నేరనుకున్నాం. బండి మోతలో మీకేటి ఇనబడతాది?"

కొండ అవతలి వాళ్ళ అలవాటు అది. సొరంగంలోకి అడుగు పెట్టేముందు ఒకసారి, వంపుకు ముందు ఒకసారి గట్టిగా కూత పెడతారు. ఎదుటి నుంచి బదులు వస్తే, మోపు లేనివాళ్ళు బయట ఆగాలి. నాయుడు గారు ఇంజిను కట్టేసి నిలబడే ఆ మూడు నిమిషాల్లో కళ్ళు మూసుకోవడమే కాదు, వినేవారు కూడా.

వెలుగులోకి వచ్చాక పెట్టె తెరిచాను. పొడి గొట్టాలు ఆరూ బాగున్నాయి. ద్రవం గొట్టాలు ఆరూ పగిలాయి. కాచి చల్లార్చిన నీళ్ళతో కలపవచ్చునా అని ఆలోచించాను. అలా కలిపితే మందు పని చేస్తుందన్న నమ్మకం లేదు. పని చేయని టీకా వేసి, వేశామనుకోవడం వేయకపోవడం కంటే ప్రమాదం. పెట్టె మూసేశాను.

ఆ పదకొండు మందిదీ పొక్కుల పిల్ల ఉన్న ఊరే. ఈ సంతకు వెళ్ళవద్దని చేతులు పట్టుకుని అడిగాను. నూకాలు నా మొహం చూసి, "సంత మానీమంటే మానీగలం గానమ్మా, ఈ వారం మా పిల్లలకేటెడతావు?" అంది. వాళ్ళు మోపులు ఎత్తుకుని వెళ్ళిపోయారు. వంపు దగ్గర నుంచి బయటికి వాళ్ళ నడకలో మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. మేము నోటి దగ్గర ఆగి ఉంటే వాళ్ళే మా దగ్గరకు నడిచి వచ్చేవారు. పెట్టెలో మందు పగలకుండా ఉండేది.

దారిన వచ్చిన ఒక కలప బండి మీద నాయుడు గారిని కిందికి దించాం. మరునాడు డాక్టరుగారి జీపులో వెళ్ళి, ఊళ్ళో మిగిలిన అరవై మూడు మందికి టీకాలు వేశాను. శుక్రవారానికి పదకొండు మందిలో ఎనిమిది మంది తిరిగి వచ్చారు, వాళ్ళకూ వేశాను. ముగ్గురు చుట్టాల ఇళ్ళలో ఉండిపోయారు. ఆ ముగ్గురిలో పైడమ్మ అనే ఆవిడకు మార్చి 27న పొక్కులు కనబడ్డాయి. బతికింది, ఎడమ కన్ను పోయింది. పదమూడో తేదీనే టీకా వేసి ఉంటే రాకపోయేదని కచ్చితంగా చెప్పలేను. అంతకు ముందు ఎన్నాళ్ళ కింద సోకిందో తెలియదు. వేయలేదన్నది మాత్రం తెలుసు. రిపోర్టులో, ఆగకుండా వెళ్ళమన్నది నేనేనని రాసి సంతకం పెట్టాను.

కట్టుతో మంచం మీద ఉన్న నాయుడు గారిని, వినడం కోసం కూడా ఆగుతారని నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఆగితే ఇనబడతాది గదా సిస్టరమ్మా. అది వేరే సెప్పాలని నాకు తోచనేదు."

తరవాత ఇరవై తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేశాను. ఏ పనిలోనైనా ఒక మెట్టు దండగ అనిపిస్తే, దాన్ని ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళను ఇది ఎందుకని అడిగాను. జవాబు వచ్చాక, ఇంకా ఎందుకని మళ్ళీ అడిగాను. రెండో ప్రశ్నకు చాలామంది వెంటనే చెప్పలేరు. చెప్పేదాకా ఆ మెట్టు తీయలేదు.