హార్మోనీ పెట్టెతో ఎముక అతికించుకున్న వైనం

నా మణికట్టు విరగడం పెద్ద సంగతేం కాదు. దానికి నేను చేసుకున్న వైద్యం వినండి. విన్నాక మీలో ఒక్కరు కూడా నన్ను దవాఖానాకు తోడు రమ్మనరు.

మిరప చేలో కాలు జారి పడ్డాను. భద్రాచలంలో డాక్టరమ్మ కట్టు వేసింది. "కాయ కోతకు చెయ్యి అందుతదా బిడ్డా?" అని అడిగాను. మొగుడు పోయినదాన్ని, ఆ కూలే నాకు ఏడాది తిండి.

"ఎముక కట్టే కణాలు మేస్త్రీల్లాంటివమ్మా. ముందు నారలాంటి పదార్థం అల్లుతాయి, దాని మీద సున్నం గట్టిపడుతుంది. వాటికి పని చెప్పేది హార్మోన్. మీకది తగ్గింది. ఆగిపోయి చాలా ఏళ్ళయిందా?"

మా ఊళ్ళో హార్మోనియాన్ని హార్మోనీ అంటాం. మా ఆయన భజనల్లో వాయించేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ పెట్టెను సవతి అని తిట్టాను.

"మా ఆయన పోయిన రోజే ఆగింది బిడ్డా" అన్నాను.

ఆమె పాపం తలూపి మాత్రలు రాసింది. పెట్టె ఆగితే వచ్చిన జబ్బుకు మాత్రలెందుకని వాటిని చూరులో చెక్కి, సవతిని అటక మీంచి దింపించాను. చెయ్యి ఒకటే మిగిలింది గనుక తోడికోడలు యశోదను పిలిచాను.

"నువ్వు గాలి కొట్టు, నేను మెట్లు నొక్కుత. సప్పుడు లేక నా ఎముకల మేస్త్రీలు పండుకున్నరంట."

"గిదేం వైద్యం అక్కా?"

"డాక్టరమ్మ కంటే నీకెక్కువ ఎరుకనా?"

మా సంగీతానికి పక్కింటాయన పరుగున వచ్చాడు. "బర్రె ఈనుతున్నదా వదినా?"

"నా ఎముక అతుకుతున్నది. నువ్వు పో."

యశోదను తోడు తీసుకుని మళ్ళీ దవాఖానాకు పోతే డాక్టరమ్మ ముఖం చిట్లించింది. "ఇంకా గట్టిపడలేదు. మాత్రలు వేసుకుంటున్నారా?"

"మాత్రలెందుకు? పొద్దుమాపు హార్మోనీ నడుస్తున్నది గద."

ఆమె పెన్ను ఆగిపోయింది. "ఎవరిచ్చారమ్మా?"

"మా ఆయనదే. దుమ్ము దులిపిన."

"మీ ఆయనదా? ఎంత తీసుకుంటున్నారు?"

"నా రెక్కలు పడిపోయేదాక" అంది యశోద. "గాలి కొట్టలేక సస్తున్న డాక్టరమ్మా. నాకు గూడ ఒక కట్టు ఎయ్యి."

సంగతి అర్థమయ్యాక డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. "ఆ హార్మోన్ ఒంట్లో ఊరేదమ్మా, వాయించేది కాదు. ఆగిపోయిందా అని నేనడిగింది మీ నెలసరి గురించి. మాత్రలు మింగండి. పెట్టె మాత్రం ఆపకండి, దాంతో నష్టం లేదు."

మొదటి కోత పోయింది, రెండో కోతకు చెయ్యి అందింది. సవతి మళ్ళీ అటకెక్కలేదు. ఇప్పుడు నాకు రెండు చేతులూ ఉన్నా, పొద్దుగూకితే యశోద తనే వచ్చి గాలి కొడుతుంది.

ఆ సవతి మీద, అతికిన ఈ చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట డాక్టరు ఏం చెప్పినా, అది మింగేదో వాయించేదో అడగకుండా ఇంటికి రాను.