వేడి ఆలుగడ్డ సలాడు, మా అత్తగారి ప్రార్థన

మొన్న కోడలు ఫోనులో ఏదో వంట వీడియో చూపిస్తూ, జర్మనీవాళ్ళు ఆలుగడ్డ సలాడును వేడివేడిగా తింటారట, విన్నారా అత్తయ్యా అని అడిగింది. వినడమేమిటి, గనులు జోరుగా నడిచిన రోజుల్లో సత్యనారాయణపేటలోని మా వంటింట్లో దాన్ని చేసి, దేవుడి మీద భారం వేసినదాన్ని నేను.

అప్పట్లో సండూరు గనిలో కొత్త యంత్రం బిగించడానికి ఒక జర్మనీ ఇంజనీరు వచ్చాడు. అరటిపళ్ళు, ఉడికిన గుడ్లు తప్ప ఏదీ గొంతు దిగక, పని సగంలో వదిలి ఊరికి పోతానంటున్నాడని మావారికి ఒకటే దిగులు. యంత్రం తిరగకపోతే ఖనిజం రాదు, ఖనిజం రాకపోతే కొత్తగా కొన్న మా రెండు లారీలూ ఇంటి ముందు కోళ్ళకు నీడ ఇవ్వడానికే పనికొస్తాయి. ఆ మనిషి వాళ్ళమ్మ చేసే వేడి సలాడు కోసం మొహం వాచిపోయి ఉన్నాడని తెలిసి, మావారు ముందూ వెనకా చూడకుండా, మా ఆవిడ చేస్తుంది రమ్మని పిలిచేశారు.

ఆయన అడిగి తెలుసుకొచ్చిన ప్రకారం, తొక్కతో ఉడికించిన గడ్డలను వేళ్ళు కాలుతుండగానే బిళ్ళలుగా కోసి, మటన్ సూపు, వెనిగరు, ఆవపిండి, ఉల్లిపాయ ముక్కలు వేసి కలిపాను. చల్లారితే ఇక అది సలాడే కాదని అతను మరీ మరీ చెప్పాడట. అయితే మా సంఘంలో ఇంటికి అతిథి వస్తే పెద్దవాళ్ళు ప్రార్థన చేయనిదే ఎవరూ ముద్ద ముట్టరు, మా ఇంట్లో పెద్దావిడ మా అత్తగారు. ఆవిడ అతని తల్లిదండ్రులతో మొదలుపెట్టి, అతన్ని తెచ్చిన విమానం నడిపినవాళ్ళు, గని, లారీలు, డ్రైవర్లు, తుంగభద్రకు రావలసిన నీళ్ళు దాటుకుని కంప్లిలో మా ఆడబిడ్డ కాన్పు దాకా వచ్చేసరికి, నేను ఒక కన్ను తెరిచి చూస్తే గిన్నె మీద ఆవిరి లేదు.

ఆమెన్ అనగానే ఆవిడే గిన్నె ముట్టుకుని, "సల్లారిపోయుండాది గదమ్మా, ఇట్లనే పెడతారేంది? ఈడ తే" అని లాక్కుపోయారు. నేను లేచేలోపే వంటింట్లో చిటపటలు. వేడి చేయడమంటే ఆవిడకు తెలిసింది బాణలి, నూనె, ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, అంటే తాలింపే. "వగ్గరణె లేకుండా ఎట్ల తింటాడప్పా, పాపం" అంటూ వడ్డించేశారు. అప్పుడు మావారి మొహం చూడాలి!

అతను తిన్నాడు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతుంటే, వాళ్ళమ్మ గుర్తొచ్చిందని అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అది మిరపకాయల పని అని నాకు తెలుసు. ఇది మా అమ్మ సలాడు కాదని అతను ఉన్నమాట చెప్పేసి, మళ్ళీ పెట్టమని పళ్ళెం చాచాడు. యంత్రం తిరిగేదాకా ప్రతి ఆదివారం వచ్చి, తల వంచుకుని ఆ ప్రార్థనంతా విని మరీ తిన్నాడు.

గనుల జోరు తగ్గింది, లారీలు అమ్మేశాం, అత్తగారూ వెళ్ళిపోయారు. ఇప్పుడు ఇంట్లో పెద్దదాన్ని నేనే. పిల్లలు గడియారం చూస్తుంటారని రెండు మాటల్లో ఆమెన్ అనేస్తాను, అన్నీ వేడిగానే తింటాం. కాని ఎవరి లారీ డ్రైవర్ల కోసమో, ఆకాశంలో విమానం నడిపేవాళ్ళ కోసమో దేవుణ్ణి అడిగేవాళ్ళు ఈ ఇంట్లో ఇక లేరు, అదే నాకు దిగులు.