బ్రేకు లేని బండికి బ్రేకు బిగించిన వైనం

ఇంగ్లండులో స్పీడ్‌వే పందేలు తిరిగిన బండితో అల్ ఐన్ ఇసుకలో గాలిని చీల్చుకుంటూ పోయానని నెల్లూరులో మావాళ్లకు ఫోన్లో చెప్పాను. చీల్చుకుంటూ పోయిన మాట నిజమే. బండి మీద కాదు, బండి వెనక. తోశాను. తోసేవాడు లేకపోతే ఆ బండి స్టార్టే కాదు కాబట్టి, అందులో సగం పందెం నాదేనని ఇప్పటికీ వాదిస్తాను.

దుబాయ్ అల్ ఖూజ్‌లో మా బైకు రిపేరు షెడ్డు. దానికి నేను ముదీర్‌ని, మేనేజర్ని. అంటే, అసలు ముదీర్ బయటికి పోయినప్పుడు ఆయన కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఇంటింటికీ బిర్యానీలు మోసే డెలివరీ బైకులే మా దగ్గరికి ఎక్కువ వస్తాయి. వాటిని నడిపే పిల్లలు ఎంత తొందరలో ఉంటారో తెలుసు కాబట్టి, షెడ్డులో నేనొక కట్టుబాటు పెట్టాను. బ్రేకు నొక్కి చూడనిదే ఏ బండీ గేటు దాటకూడదు. ముదీర్ సొంత బండి అయినా సరే.

కరోనా వెనక్కి తగ్గాక రెండో చలికాలంలో ఒక ఇంగ్లీషాయన పికప్పులో పెద్ద చెక్కపెట్టె తెచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఎడమ మణికట్టు వంకర. ఈ దేశంలో ఏళ్ల తరబడి ఇంజనీరు పని చేసి, సైట్లలో కూలీల దగ్గర హిందీ నేర్చుకున్నాడు. నాతో ఆ హిందీలోనే మాట్లాడాడు. పెట్టె విప్పితే బక్కచిక్కిన మోటారు సైకిలు, దాని చక్రాలు సైకిలు చక్రాల్లా సన్నగా ఉన్నాయి. కుర్రతనంలో ఆయన పందేలకు తోలిన బండి అది.

"నాకు దుబాయ్ ఖలాస్. వచ్చే వారం మా ఊరికి పోతున్నా. ఇది రేపు సాయంత్రం కంటైనర్ ఎక్కుతుంది. మా ఊరి మ్యూజియంలో గాజుపెట్టెలో పెడతారు. అందులోకి పోయాక దీని ఇంజను ఇంకెవరూ స్టార్ట్ చెయ్యరు. ఆలోపల నాలుగు చుట్లు తిరగాలి. అల్ ఐన్‌లో స్నేహితుడి తోట ఉంది. పొద్దున్నే వస్తా, ఇంజను సిద్ధం చెయ్యండి" అని చెప్పి వెళ్లిపోయాడు. 

మా మెకానిక్ జగిత్యాల మనిషి. నన్ను చాచా అంటాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు, ఇంజను నూనె వాసన చూసి ఆముదమని గుర్తుపట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. కాసేపటికి నన్ను కేకేశాడు.

"చాచా, గీ బండికి బ్రేకుల్లేవ్. ముంగట లేదు, ఎన్క లేదు."

"సరిగ్గా చూడరా అబ్బయ్యా."

"నాకు కండ్లు లేవా? గేరు గూడ ఒక్కటే ఉన్నది. పాపం ముసలాయన, ఎవడో సామాను మంచిగ గుంజుకపోయిండు."

నా గుండె కరిగిపోయింది. రేపు పొద్దున ఆ పెద్దాయన పళ్లు రాలితే పాపం ఎవరిది? "ఉన్న సామానుతో ఒకటి బిగించు" అన్నాను. వాడు పనిమంతుడు. ముందు ఫోర్కుకు ఇనుప పట్టీ వెల్డింగు చేసి, పాత సామానుతో చక్రాన్ని అంచుమీద పట్టుకునే బ్రేకు తయారుచేశాడు. నొక్కితే చక్రం మేకు కొట్టినట్టు ఆగింది. దానికి ఎర్రరంగు కూడా వేయించాను. 

పొద్దున్నే ఇంగ్లీషాయన వచ్చి బండి ముందు నిలబడ్డాడు. ఆ ఎర్రరంగు మీద వేలు పెట్టాడు.

"ఇదేంటి?"

"బ్రేకు" అన్నాను, ఛాతీ పొంగించి.

"ఎవరు పెట్టారు?"

ఆ గొంతు వినగానే నా వేలు దానంతటదే మెకానిక్ వైపు తిరిగింది. వాడు ఊరుకుంటాడా? "పెట్టింది నేనే సార్. పెట్టుమన్నది గీ చాచానే!"

ఆయన అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నీళ్లు తెద్దామని కదిలాను. చూస్తే, నవ్వుతున్నాడు. కళ్లు తుడుచుకుని చెప్పాడు. స్పీడ్‌వే బండికి బ్రేకు ఉండదు, ఉండనివ్వరు. గుండ్రటి మట్టిబాటలో నలుగురు నాలుగు చుట్లు తిరుగుతారు, ఎప్పుడూ ఎడమకే. మలుపులో వెనక చక్రాన్ని పక్కకు జార్చి, ఇనుప తొడుగు వేసిన ఎడమకాలు నేలకు ఆనిస్తూ పోతారు. వెనకవాడు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంటాడు. ముందున్నవాడు గభాలున ఆగితే మిగతావాళ్లంతా వాడి వీపు మీదే.

నవ్వు అయ్యాక వెల్డింగు మీద ఆయన కన్ను పడింది. దాన్ని గ్రైండరుతో తీసేయాలి. కాస్త ఎక్కువ అరిగిందా, ఫోర్కు పలచబడి మలుపులో విరుగుతుంది. అప్పుడిక ఆ నాలుగు చుట్లు లేనట్టే. బండి అలాగే పెట్టెలోకి పోతుంది. మెకానిక్ ముఖం ఆముదం తాగినట్టయింది. గ్రైండరు అందుకున్నాడు. 

ఆయన అటు చూడలేక నా వైపు తిరిగి మాట్లాడుతూ కూర్చున్నాడు. ఈ ఆట వాళ్ల తాతల కాలంలో ఆస్ట్రేలియా నుంచి ఓడ దిగిందట. కుక్కల పందేలు నడిచే మైదానాల్లోనే చాలాచోట్ల ఇదీ నడిచేదట. వాళ్ల ఊరి హీరో వారమంతా రొట్టెల బండి తోలి, శనివారం సాయంత్రం తోలుబట్టలు తొడుక్కునేవాడట. మలుపులో ఆయన చక్రం విసిరిన మట్టి ముఖాన పడితే, తుడుచుకోకుండా ఇంటికి పోయేవాళ్లట జనం. ఇప్పుడా మైదానం లేదు, సూపర్‌మార్కెట్ లేచింది. "నేను మొదటి పందెం గెలిచిన మలుపులో ఇప్పుడు వెన్నా పాలూ అమ్ముతున్నారు" అన్నాడు.

"ఎన్ని గెలిచారు సార్?"

"చాలా."

నేను ఆయన కళ్లలోకి చూశాను. దొంగకు దొంగ తెలుస్తాడు.

"చాలాసార్లు మూడోవాణ్ణి" అన్నాడు, గొంతు తగ్గించి. ఆ క్షణం నుంచి ఆయన నాకు సొంత తమ్ముడు. వయసులో అన్నే అనుకోండి.

గ్రైండరు ఆగింది. ఆయన బొటనవేలితో ఫోర్కును పైనుంచి కిందికి రాశాడు. మళ్లీ రాశాడు. "చలేగా. యల్లా, పోదాం!" అన్నాడు ఆయన.

అల్ ఐన్ తోటలో ఖర్జూరపు చెట్ల అవతల ఒంటెల్ని నడిపించే గుండ్రటి బాట ఉంది. పనివాళ్లు ట్యాంకరుతో దాన్ని తడిపిపెట్టి, బుట్టలు బోర్లించుకుని కూర్చున్నారు. వాళ్లలో సగం మంది పెషావర్ వైపువాళ్లు. ఇంగ్లీషాయన పాత తోలుకోటు వేసుకున్నాడు. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. ఎడమ బూటుకు ఇనుప తొడుగు కట్టుకుని ఎక్కాడు. నేనూ మెకానిక్కూ తోశాం. ఇంజను ఒక్కసారి గర్జించింది. నేను బోర్లా పడ్డాను.

మొదటి చుట్టు నిటారుగా, మా ఊళ్లో జుమ్మా నమాజుకు లూనా మీద పోయే పెద్దమనిషిలా పోయాడు. పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "గింతేనా చాచా?" అన్నాడు మెకానిక్. నాకూ మనసు చివుక్కుమంది.

రెండో చుట్టు మలుపులో ఆయన నడుం కదిలింది. వెనక చక్రం బయటికి జారింది, ఇనుప కాలు నేలమీద గీత గీసింది, తడిమట్టి తాటిచెట్టంత ఎత్తు లేచింది. సరే, నా నడుమెత్తు. కానీ వచ్చి పడింది మాత్రం నా నోట్లోనే, ఎందుకంటే అప్పుడు నా నోరు తెరిచి ఉంది. పనివాళ్లు లేచి "వల్లా! వల్లా!" అని బుట్టలు కొట్టారు. మూడో చుట్టు, నాలుగో చుట్టు అలాగే జారుతూ పోయాడు. వంకర మణికట్టు, డెబ్బై ఏళ్లు, పట్టని గుండీ ఏవీ కనబడలేదు. 

ఇంజను ఆపి మా వైపు దొర్లుకుంటూ వచ్చాడు. ఆపడానికి ఆయన దగ్గర ఏమీ లేదు కదా, మేమిద్దరం చేతులు చాపి పట్టుకున్నాం. ముగ్గురమూ బండితో సహా ఇసుకలో దొర్లాం. 

"సార్, దెబ్బ తాకిందా?" అని మెకానిక్ లేపబోయాడు.

ఆయన మట్టి ఉమ్మేసి, ట్యాంకు మూత విప్పి లోపలికి తొంగిచూశాడు. ఆ మట్టి ముఖంలో కళ్లు మాత్రమే మెరిశాయి.

"కంటైనర్ సాయంత్రం కదా?" అన్నాడు. "ఇంకా ఉంది ఇందులో. తోయండి."

తోశాం.