రెండు నల్లరాళ్ళ నడుమ గుల్లలు

మా సైన్సు టీచరుగారు పోయారని మొన్న ద్రాక్షారామం నుంచి వాళ్ళ చెల్లెలుగారు ఫోను చేసి చెప్పారు. ఫోను పెట్టేసి, పొయ్యి కట్టేసి, వంటింట్లోనే కూర్చుండిపోయాను. ఆవిడ వల్ల నాకు దక్కిన ఒక రోజు గురించి మీకు చెప్పాలి.

తొంభైలలో మేము రాజమండ్రిలో తొమ్మిదో తరగతి. శిలల పాఠం నల్లబల్ల మీద చెప్పి ఊరుకునే మనిషి కాదావిడ. గోదావరి అవతల, గౌరీపట్నం దగ్గరి క్వారీకి తీసుకెళ్తానన్నారు. ఆడపిల్లలకి రాళ్ళగుట్టల్లో ఏం పని అని ఇళ్ళల్లో అడ్డుపడితే, ఇంటింటికీ తిరిగి ఒప్పించారు. మా నాన్నగారితో, "సాయంత్రానికి అమ్మాయిని నేనే దిగబెడతానండి" అన్నారు.

తీరా వెళ్తే, అక్కడ పేల్చే మందు కూరడానికి రాతికి చిల్లులు వేస్తున్నారు. పైనా కిందా నల్లరాయి, నడుమ తెల్లటి పొర. ఆ తెల్లది ఎందుకూ పనికిరాదని, కింది నల్లరాయి కోసం దాన్ని తీసి పారేస్తామని మేస్త్రీ చెప్పాడు. ఆవిడ అందులోంచి ఒక పెళ్ళ ఊడదీసి అతని చేతిలో పెట్టారు.

"ఇదేంటో చూడు బాబూ."

అతను అటూ ఇటూ తిప్పాడు. "గుల్లలా ఉందండి."

"గుల్లే. కింది నల్లరాయి ఒకప్పుడు లావా. అది చల్లారాక ఇక్కడికి సముద్రం వచ్చింది, ఈ ప్రాణులు బతికాయి. వాటి గుల్లలే పేరుకుని ఈ తెల్లరాయి అయ్యింది. మళ్ళీ లావా వచ్చి కప్పేసింది."

మేస్త్రీ పనివాళ్ళని భోజనాలకి పంపేసి, వాళ్ళు తిరిగొచ్చేదాకా మమ్మల్ని తవ్వుకోమన్నాడు. ఇరవైమందిమి సుత్తులు పట్టుకుని ఆ పొర మీద పడ్డాం. లావా వచ్చినప్పుడు ఇవి పారిపోవాలని చూశాయా అని అడిగాను. తనకు తెలియదన్నారావిడ. అంత తేలిగ్గా తెలియదని చెప్పే పెద్దవాళ్ళని అంతకుముందు నేను చూడలేదు.

ఆ పొర మిగల్లేదు. మేము బస్సెక్కేలోపే పేల్చేశారు. కానీ ఆ తర్వాత గుల్లరాయి ఎక్కడ కనబడినా మేస్త్రీ సిమెంటు సంచిలో కట్టి బస్సులో మా బడికి పంపేవాడు. ఆవిడ రిటైరయ్యేదాకా పంపాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక తమలపాకుకి సున్నం రాసుకుంటూ ఆవిడ అనేవారు: "ఈ సున్నమూ ఒకప్పటి ప్రాణమేనమ్మా. ప్రాణం రాయవుతుంది, రాయి మట్టవుతుంది, మట్టి మళ్ళీ మన కంచంలోకొస్తుంది."

ఆవిడని చివరిసారి చూసింది ధవళేశ్వరంలో, వరదల రోజుల్లో. రేవు మెట్ల మీద జనమంతా నదిని చూస్తున్నారు. ఆవిడ ఒక పక్కన కూర్చుని, వరదనీళ్ళు నింపిన గాజుగ్లాసు మెట్టు మీద పెట్టుకుని చూస్తున్నారు. పలకరించబోతే, కదపకు అన్నట్టు చెయ్యి చాపారు. గ్లాసు అడుగున ఎర్రటి ఒండ్రు, సన్నటి పొరగా, నెమ్మదిగా దిగుతోంది.