ఎరుపు రాని చలికాలం

రాస్తన్నావా గుంటా? కోతుల గురించి అడిగేవు కదా, రాసుకో.

నేను చోడవరం కోడలిగా వచ్చిన కొత్తలో మా ఇంటి వెనక పశువులశాల ఉండేది. ముట్టయితే ఇంట్లోకి రాకూడదు, ఆ శాల అరుగు మీదే కూర్చోవాలి. మా పెద్ద తోడికోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. నలభై దగ్గరపడుతున్నా ఆమె కడుపు పండలేదు. నెలనెలా ఆ అరుగు మీదికి ఏడుస్తూ వెళ్లేది.

చెరుకు తోటల మీద పడే కోతుల్లో తోక తెగిన ముసలి ఆడది ఒకటి ఆమె దగ్గరికి వచ్చేది. అక్క దానికి చెరుకు ముక్కలు విసిరేది. చలికాలం వస్తే దాని మొహం, వెనకభాగం కుంకుమ పూసినట్టు ఎర్రబడేవి. ఎండాకాలానికి చంకన పిల్ల ఉండేది.

"సూసేవా, ముసల్దైనా కంటానే ఉంది. నాకింకా టైముందే," అనేది అక్క.

ఒక చలికాలం మిగతా ఆడకోతులన్నీ ఎర్రబడ్డాయి. దీని మొహం మాత్రం పాత గోనెసంచిలా పాలిపోయే ఉంది. ఎండలు ముదిరినా చంక ఖాళీయే.

ఆ ఎండల్లోనే అక్క బయట కూర్చోవడం ఆగిపోయింది. మా అత్త సంబరం చెప్పలేను. "నా పెద్దకోడలు నీళ్లోసుకుందే!" అని వీధంతా చెప్పి, వడ్డాది సంత నుంచి పుల్ల మామిడికాయలు తెప్పించింది.

"ఇప్పుడా? ఆ పిల్లకి నువ్వు అమ్మవా, మామ్మవా?" అని పక్కింటావిడ ఎకసెక్కం చేస్తే అక్క నవ్వింది. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, చెమటలు, నిద్ర లేకపోవడం, అన్నీ వేవిళ్లే అనుకున్నాం.

చివరికి మంత్రసాని వచ్చి పొట్ట తడిమింది. "నీళ్లోసుకోడం ఏటమ్మా? ముట్లుడిగిపోయేయి," అంది.

"ఈ వయసుకేటే!" అని అత్త గద్దించింది.

"కొందరికి ముందే ఆగిపోతాయమ్మా."

అక్క గోడకేసి చూస్తూ, "దానికి ఎరుపు రానప్పుడే తెలవాల్సింది నాకు," అంది.

మర్నాడు పొద్దున్న అక్క వంటింట్లో లేదు. శాల అరుగు మీద చాప వేసుకుని కూర్చుంది. అత్త ఆశగా పరిగెత్తింది.

"ఏటే, ముట్టయ్యేవా?"

"అవునత్తా," అంది అక్క, తలెత్తకుండా.

అబద్ధమని అత్తకి తెలిసిపోయింది. ఏమంటుందోనని నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆవిడ ఇంట్లోకి వెళ్లి ఆకులో అన్నం వడ్డించుకొచ్చి, తగలకుండా ఎడంగా పెట్టి, వెనక్కి జరిగింది.

ఆ తర్వాత కూడా నెలనెలా అక్క బయట కూర్చునేది. అత్త ఆకు పెట్టేది. ఆ కోతి రావడం మానేశాక కూడా అక్క పక్కన చెరుకు ముక్క ఉండేది.