ముందు కొలతలు, తర్వాత కబురు

మొన్న ఫోన్లో చిన్నది నన్నొకటి అడిగింది. వాళ్ళ బ్యాలే టీచరు ఒకప్పుడు పేరున్న డ్యాన్సరట. ఇప్పుడు అందరికీ చెబుతుందే గానీ తను మాత్రం అడుగు కదపదట. ఎందుకు నానమ్మా, అని. మీకక్కడ బడికి టైమవుతోంది, నాకిక్కడ కళ్ళు మూసుకుపోతున్నాయి. ఏదో అనేసి పెట్టేశాను. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను, మీ నాన్నని చదివి వినిపించమనండి. ఆ టీచరు సంగతి నాకు తెలీదు. నేను చూసిన ఒకావిడ సంగతి మాత్రం తెలుసు.

మేం డబ్లిన్ వచ్చిన కొత్తల్లో ఎటు చూసినా క్రేన్లే. తాతయ్యకి ఎయిర్‌పోర్టు పక్కన కంప్యూటర్ ఉద్యోగం, ఆ దగ్గర్లోనే స్వోర్డ్స్ అనే ఊళ్ళో అద్దె ఇల్లు. మీ నాన్నకి అప్పుడు పన్నెండేళ్ళు. నేను తెలుగులో ఏదడిగినా ఐరిష్ యాసతో ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక, పర్మిట్ తంటాలన్నీ పడి, సిటీలో ఒక చిన్న బ్యాలే కంపెనీలో బట్టలు కుట్టే పనికి కుదిరాను.

"జాకెట్లు కుట్టడానికి ఐర్లాండ్ దాకా రావాలా?" అని నవ్వేవారు తాతయ్య.

"మీరు మాత్రం? అక్కడా కంప్యూటరే, ఇక్కడా కంప్యూటరే" అనేదాన్ని.

నిజానికి అది జాకెట్ల పనే. ఒంటికి అతుక్కునే పైభాగం, వెనక హుక్కులు. ఒకే డ్రెస్సుని ఏళ్ళ తరబడి ఒకరి తర్వాత ఒకరు వేసుకుంటారు కాబట్టి కాజాలు మూడు వరసల్లో కుట్టేవాళ్ళం. నా గది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. పొద్దున్నే బస్సులో నిలబడి వచ్చి ఆ మెట్లెక్కేసరికే సగం ఓపిక అయిపోయేది.

ఆ కంపెనీలో ఒక అలవాటుండేది. ఏ వేషం ఎవరికిచ్చారో ఎవరూ నోటితో చెప్పేవారు కాదు. కంపెనీ నడిపే పెద్దాయన మెట్ల దగ్గర నిలబడి "పైకెళ్ళి కొలతలిచ్చి రా" అన్నాడంటే వేషం వచ్చినట్టు. పిలుపు రాలేదంటే లేనట్టు. పిలుపు రానివాళ్ళు కింద వసారాలో ఊరికే షూ రిబ్బన్లు సర్దుకుంటూ కూర్చునేవారు. వాళ్ళని దాటి టీ తెచ్చుకోవాలంటే నాకు మనసొప్పేది కాదు.

మధ్యాహ్నాలు ఇద్దరు నా గదికి వచ్చి తినేవారు. ఒకామె పొడుగ్గా ఉండేది, ఇంకొకామెది ఎర్రజుట్టు. ఒకే ఏడాది కంపెనీలో చేరారు, ఒకే ఇంట్లో అద్దెకుంటున్నారు, ఇద్దరూ నలభైకి దగ్గరపడుతున్నారు. ఆ పనిలో అది ముసలితనమే. పొడుగామె అచ్చం పెద్దాయనలా నటించి చూపేది, చెయ్యి వెనక్కి పెట్టుకుని, గడ్డం పైకెత్తి.

"నేనే ఆ కుర్చీలో కూర్చుంటే మొహం మీదే చెబుతాను. ఈ టేపు నాటకాలుండవు" అందొకసారి.

ఎర్రజుట్టామె పకపకా నవ్వింది. "నువ్వా? బాయిలర్ పాడైందని ఇంటి ఓనరుకి చెప్పడానికే నన్ను ముందుకి తోస్తావు!"

తర్వాత పెద్దాయనకి ఒంట్లో బాగోక మానేశాడు. పైవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని పొడుగామెని ఆ పనిలో పెట్టారు.

మొదటి రోజు నేను బట్టల మూట పట్టుకుని హాలు గుమ్మంలో ఉన్నాను. రోజూ పొద్దున అందరూ గోడవెంట కమ్మీ పట్టుకుని సాధన చెయ్యాలి. ఎవరి చోటు వాళ్ళది, ఎదురుగా నిలబడి చేయించేది కంపెనీ నడిపేవాళ్ళు. ఆవిడ అలవాటుగా వెళ్ళి కిటికీ పక్కన తన చోట్లో నిలబడింది. పియానో వాయించే ఆయన చేతులు ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. కాసేపటికి ఆవిడకి అర్థమైంది. కమ్మీ వదిలేసి, అందరికీ ఎదురుగా వచ్చి నిలబడి, ఒకటి, రెండు అని తాళం లెక్క మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆవిడ మామూలుగా నడవడం నేను చూడలేదు, ఎప్పుడూ పరుగే. కిల్కెన్నీ అనే ఊళ్ళో ఆటకి హాలు దొరకలేదని ఒక ఫోను, ఒకబ్బాయి మోకాలు వాచిందని ఇంకో ఫోను. సాయంత్రం సూటూ ఎత్తుమడమల జోళ్ళూ వేసుకుని బ్యాంకువాళ్ళతో విందులు. చందాలివ్వడానికి ఆ రోజుల్లో అందరూ ముందుకొచ్చేవారు, కానీ పక్కన కూర్చుని నవ్వాలి. సాధనకి టైము లేదు. సాధన లేకపోతే ఒళ్ళు మాట వినదు. డ్యాన్సు మానేస్తానని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అదే ఆగిపోయింది.

కింద ఆవిడ అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. అందుకని తిండికి నా దగ్గరికే వచ్చేది. బాస్ ఉంటుందని ఎర్రజుట్టామె మధ్యాహ్నాలు రావడం మానేసి, పొద్దున్నే టీ కప్పుతో ఒక్కతే వచ్చి పోయేది. నేను నిమ్మకాయ పులిహోర కాస్త పెడితే పొడుగామె ముక్కు చీదుకుంటూ తినేది.

"కారంగా ఉందా?"

"లేదు, గ్రాండ్" అనేది, అంటే బాగుందని, కళ్ళు తుడుచుకుంటూ.

వసంతంలో ఆడబోయే బ్యాలేలో ఒక పెద్ద వేషం ఉంది. ఇన్నేళ్ళూ పొడుగామే వేసేది. ఇప్పుడు ఆవిడ ఆడటం లేదు కదా, "ఇక నా వంతే మిసెస్" అని నాతో అంది ఎర్రజుట్టామె, అక్కడ నన్నందరూ మిసెస్ అనే పిలిచేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడాల్సింది. కానీ నా మెట్లు ఆమె ఎక్కుతున్నప్పుడు నేను వినేదాన్ని. ఒక కాలు వేసి, రెండోది దాని పక్కన చేర్చి, మెట్ల రెయిలింగ్ పట్టుకుని. చీలమండ పాడైంది. నాకే తెలిస్తే బాస్‌కి తెలియదా?

ఒక మధ్యాహ్నం పొడుగామె తినడం ఆపి, "రేపు పొద్దున ఈ ఏడాది చేరిన కొత్తమ్మాయి వస్తుంది. పెద్ద వేషానికి కొలతలు తీసుకోండి" అంది.

"నీ స్నేహితురాలికి చెప్పావా అమ్మా?"

"ఈ సాయంత్రం చెబుతాను. ఇంట్లో."

"ముందు చెప్పు. కొలతలకేం, ఎల్లుండైనా తీసుకోవచ్చు."

"చెబుతాను మిసెస్. నిజం."

మన ఇళ్ళల్లో మాత్రం? సంబంధం కుదరలేదంటే మనమే వెళ్ళి చెబుతామా, మధ్యలో ఎవరో పెద్దమనిషి చేత చెప్పిస్తాం. ఆ మధ్య మనిషికి ఎలా ఉంటుందో ఎవరూ అడగరు.

మర్నాడు కొత్తమ్మాయి స్టూలు మీద నిలబడింది. డ్రెస్సు తొడిగి, గుండుసూదులు పెడుతున్నాను. మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు. ఒకటి, దాని పక్కన రెండోది. ఎర్రజుట్టామె టీ కప్పు పట్టుకుని గుమ్మంలో ఆగింది.

కొత్తమ్మాయి ఎర్రబడిపోయింది. "నన్ను... రమ్మన్నారు" అంది.

"కదలకు. సూదులున్నాయి" అని ఎర్రజుట్టామె కప్పు మిషను మీద పెట్టింది. చుట్టూ తిరిగి చూసింది. "చంక కింద కాస్త వదలండి మిసెస్. చేతులెత్తినప్పుడు అక్కడ కోసుకుపోతుంది. ఆవిడ వేసినన్నాళ్ళూ తిట్టుకునేది."

అప్పుడు ఎత్తుమడమల చప్పుడు వినిపించింది. పొడుగామె కోటైనా విప్పకుండా పరిగెత్తుకుంటూ వచ్చి, చూసి, గోడకి ఆనుకుంది.

"రాత్రి చెబుదామనుకున్నా. నువ్వు నిద్రలో ఉన్నావు."

"మంచిది బాస్. నిద్ర చెడగొట్టకూడదు."

"నిన్న విందు అయ్యేసరికి..."

"బ్యాంకువాళ్ళు కడుపునిండా తిన్నారా?"

పొడుగామె కోటు గుండీ పట్టుకుని తిప్పింది.

"సరే, ఇప్పుడు చెప్పు" అంది ఎర్రజుట్టామె.

"ఇక్కడా?"

"ఇక్కడే. వీళ్ళ ముందే. టేపు చేత చెప్పించావు, ఇప్పుడు నీ నోటితో చెప్పు."

పొడుగామె గోడ వదిలి ముందుకొచ్చింది. తర్వాత తలెత్తి చెప్పింది. "ఈ వేషం నీకివ్వటం లేదు. నీ కాలు తట్టుకోదు. ఈసారే కాదు, ఇక ఎప్పటికీ ఇవ్వను."

"హమ్మయ్య, నోట్లోంచి వచ్చింది" అని ఎర్రజుట్టామె తన కప్పు తీసుకుని, రెయిలింగ్ పట్టుకుని మెల్లిగా కిందికి దిగిపోయింది.

కొత్తమ్మాయి ఏడుపు మొదలెట్టింది. పొడుగామె కోటుతోనే నా కుర్చీలో కూలబడింది. నేను చంక కింద కుట్టు విప్పడం మొదలుపెట్టాను. ఇంకేం చెయ్యను?

ఆ రోజు తర్వాత, ముందుగా విషయం తెలియకుండా కొలతలకి నా దగ్గరికి ఎవరూ రాలేదు. ఎవరికైనా సరే, ఉందనైనా లేదనైనా, ఆవిడే పిలిచి తలుపేసి చెప్పేది. చెప్పిన ప్రతిసారీ నా గదికొచ్చి ఊరికే కూర్చునేది. టీ ఇస్తే చల్లారిపోయేది. అదే ఇంట్లో ఉంటూ ఎర్రజుట్టామె ఆవిడతో బాస్ అన్న మాట తప్ప ఏమీ మాట్లాడేది కాదు. కొన్ని వారాల తర్వాత పొడుగామె ఆమెని ముసలి రాణి వేషం వేస్తావా అని అడిగిందట. డ్యాన్సు లేదు, బరువైన గౌను వేసుకుని నడవడమే.

"ఒప్పుకున్నావా?" అన్నాను కొలతలు తీసుకుంటూ.

"ఎదురుగా కూర్చుని అడిగింది మిసెస్. ఎలా కాదంటాను?" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఓపికా లేదు.

ఆ సీజన్ అయ్యాక ఎర్రజుట్టామె డ్యాన్సు మానేసి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు చివరి ఆట ములింగార్ అనే ఊళ్ళో. కొత్తమ్మాయి బాగానే చేసింది. తిరుగు వ్యానులో అందరూ గుడ్డమూటల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం, బయట వాన. పొడుగామె ఎక్కగానే నిద్రపోయింది. తల వాలి వాలి ఎర్రజుట్టామె భుజం మీదికి చేరింది. మెడ పట్టేస్తుందని నేను లేపబోయాను.

"లేపకండి" అంది ఎర్రజుట్టామె, మెల్లిగా. "రేపు ఇంకో ఇద్దరికి చెప్పాలట. నిన్న వంటింట్లో నా మీద రిహార్సల్ చేసింది."

"ఎలా చెప్పింది?"

"పరమ చెత్తగా" అంది. భుజం మాత్రం కదపలేదు.